40 మీటర్ల దగ్గర ఆగి నావైపే చూస్తోంది: బ్లైండ్ రిట్రీవ్‌లో తప్పు ఎక్కడ?

చిట్టివాళ్ళనాన్న · మార్చి 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదువుకుని వెళ్ళిపోవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

మా చిట్టి నల్ల లాబ్రడార్, ఆడది, 16 నెలలు. మార్క్‌లకు, అంటే పడటం తను కళ్ళారా చూసినవి తేవడానికి, వంక పెట్టడానికి లేదు. డమ్మీ (విసిరి తెప్పించే దిండులాంటి వస్తువు) గాల్లోకి లేవడం కంటపడితే చాలు, 120 మీటర్ల దూరంలో మోకాలెత్తు గడ్డిలో పడినా సూటిగా వెళ్ళి తెచ్చేస్తుంది. డబుల్ మార్క్‌లు, అంటే రెండు డమ్మీలు వరసగా పడేవి, కూడా మొదలుపెట్టాం. విజిల్ ఒక్కసారి ఊదితే కూర్చుంటుంది. బ్యాక్ (ఇంకా దూరం పో), కుడి ఓవర్, ఎడమ ఓవర్ (ఆ పక్కకి పో) మూడూ వచ్చు. ఈ మూడు సైగల సాధన, బేస్‌బాల్ డ్రిల్, మూడు వారాలు చేశాం, అందులో తప్పు పోదు.

బ్లైండ్ పెడితే, అంటే తను చూడకుండా దాచిన డమ్మీకి పంపితే మాత్రం, వేరే కుక్కని చూసినట్టు ఉంటుంది. పంపగానే నలభై మీటర్లు పరిగెత్తుతుంది. తర్వాత నేను ఊదకుండానే ఆగి, వెనక్కి తిరిగి, కూర్చుని నా మొహం చూస్తుంది. చెయ్యెత్తి ‘బ్యాక్’ అంటే ఇంకో పదిహేను మీటర్లు పోయి మళ్ళీ ఆగుతుంది. నిన్న 90 మీటర్ల బ్లైండ్‌లో ఆరుసార్లు ఆగింది. ఆరోసారి కూర్చుని తాపీగా గడ్డి కొరకడం మొదలుపెట్టింది. ‘అక్కడ ఏముందో నీకైనా తెలుసా?’ అన్నట్టుంది దాని చూపు.

ఇది బద్ధకమా, మొండితనమా, భయమా? ఎవరైనా చెప్పండి.

డౌట్‌దొర · మార్చి 2, రాత్రి 10:15

మొండితనమే. ఈ వయసులో అన్నీ మనల్ని పరీక్షిస్తాయి. ఆగిన ప్రతిసారీ గొంతు పెంచండి. ఎలక్ట్రానిక్ కాలర్ ఉంటే వాడండి. రెండు రోజుల్లో దారికొస్తుంది.

పాతవిజిల్ · మార్చి 2, రాత్రి 10:52

దొరగారూ, రోగం తెలియకుండా మందు రాసేయకండి.

చిట్టివాళ్ళనాన్న గారూ, ముందు నాకు కొన్ని విషయాలు చెప్పండి. గడిచిన పది బ్లైండ్‌లలో ఒక్క విజిల్ కూడా లేకుండా డమ్మీ దాకా వెళ్ళినవి ఎన్ని? మార్క్‌కి ఏ మాటతో పంపుతారు, బ్లైండ్‌కి ఏ మాటతో పంపుతారు? డమ్మీ ఏ రంగు? రోజూ ఒకే చోట పెడుతున్నారా, మారుస్తున్నారా? మీ అంతట మీరు విజిల్ వేసి ఆపే బ్లైండ్‌లు ఎన్ని? గుర్తున్నంతవరకు నిజం చెప్పండి, ఇక్కడ ఎవరూ నవ్వరు.

చిట్టివాళ్ళనాన్న · మార్చి 3, ఉదయం 6:30

విజిల్ లేకుండా వెళ్ళినవి సున్నా. రెండింటికీ ‘ఫెచ్’ అనే అంటాను. డమ్మీ ఆరెంజ్. ప్రతిసారీ కొత్త చోట, ఎందుకంటే తెలిసిన చోట పెడితే అది బ్లైండ్ ఎలా అవుతుంది అనుకున్నాను. విజిల్ అయితే ప్రతి బ్లైండ్‌లోనూ వేసేవాణ్ణి, ఆగడం ప్రాక్టీస్ అవుతుందని. ఎక్కువగా ముప్పై, నలభై మీటర్ల మధ్యే.

ఇది టైప్ చేస్తుంటేనే నాకు ఏదో తడుతోంది.

పాతవిజిల్ · మార్చి 3, ఉదయం 11:05

తట్టింది కదా, అదే. మీరు వరసగా ప్రతిసారీ నలభై దగ్గర ఊదారు. చిట్టి నేర్చుకున్న పాఠం ఇది: పరిగెత్తు, నలభై దగ్గర ఆగు, నాన్నని చూడు, మిగతాది ఆయన చెబుతాడు. మీరు ఊదకముందే ఆగడం దాని లెక్కలో తప్పు కాదు, చురుకుదనం. దీన్నే పాపింగ్ అంటారు. దీనికి కేకలేశారనుకోండి, ఆగినందుకు తిట్లు పడ్డాయని దానికి గుర్తుండిపోతుంది. రేపు మీరు నిజంగా ఊదినప్పుడు ఆగాలా వద్దా అని తేల్చుకోలేక సగం వేగంతో వంకరగా పోతుంది. ఉన్న ఒక్క రోగం రెండవుతుంది.

ఇంకో మాట. మార్క్‌లో కుక్క దగ్గర తను కళ్ళారా చూసిన జ్ఞాపకం ఉంటుంది. బ్లైండ్‌లో దాని దగ్గర మీ మాట తప్ప ఇంకేమీ లేదు. ఆ మాట నమ్మి పరిగెత్తడమంటే మీకు అప్పు ఇవ్వడమే. చిట్టి పదిసార్లు అప్పిచ్చింది. మీరు పదిసార్లూ దారి మధ్యలో ఆపి ఇంకేదో అడిగారు. పదకొండోసారి అది ముందే ఆగి ‘ముందు పాత బాకీ సంగతేంటి’ అంటోంది. అందులో మొండితనం ఎక్కడుంది?

నేనైతే ఇలా చేస్తాను. రెండు వారాలు కొత్తచోట బ్లైండ్‌లు పూర్తిగా బంద్. గడ్డి పొట్టిగా ఉన్న మైదానంలో మూడు గమ్యాలు ఎంచుకోండి. ఒక స్తంభం, ఒక ఒంటరి చెట్టు, ఒక కంచె మూల, ఇలా దూరం నుంచే కంటికి ఆనేవి. ఒక్కోదానికీ మధ్య బాగా ఎడం ఉండాలి. దగ్గర దగ్గరగా పెట్టుకుంటే మొదటివారంలోనే గందరగోళం. స్తంభం మొదట్లో ఆరు తెల్ల డమ్మీలు పోసి, చిట్టిని నడిపించుకెళ్ళి చూపించండి. అక్కడినుంచి వెనక్కి ఇరవై ఐదు మీటర్లు నడిచి, తిప్పి కూర్చోబెట్టి, ‘బ్యాక్’ అని పంపండి. తెచ్చాక నలభైకి వెనక్కి వెళ్ళండి. తర్వాత అరవై. వెనక్కి జరిగేది మీరు, డమ్మీలు కావు. ఇది చాలామంది తిరగేసి చేస్తారు. మీరు జరిగితే కుక్క పరుగు చివర ప్రతిసారీ తనకు తెలిసిన చోటే ఉంటుంది. మర్నాడు నడిపించి చూపించకుండా నేరుగా అరవై నుంచి మొదలు. ఆ వారం చివరికి వంద.

ఈ రెండు వారాలూ విజిల్ జేబులోనే. మెళ్ళో ఉంటే ఊదకుండా ఉండలేరు, నా అనుభవం.

మధ్యలో ఆగిందా, రెండు మూడు సెకన్లు కదలకుండా, మాట్లాడకుండా నిలబడండి. చాలాసార్లు తనే తిరిగి వెళ్ళిపోతుంది. వెళ్ళకపోతే మామూలు గొంతుతో ఒక్క ‘బ్యాక్’. అదీ పనిచేయకపోతే మీరు ముందుకి నడిచి దూరం తగ్గించి మళ్ళీ పంపండి. దాని మొహం చూసి జాలిపడి ఓవర్‌లూ గీవర్‌లూ ఇవ్వకండి. ఆగితే సమాచారం దొరుకుతుంది అన్న అలవాటు తెగాలి.

మాట కూడా మార్చండి. మార్క్‌కి దాని పేరు, బ్లైండ్‌కి ‘బ్యాక్’. పంపేముందు ‘డెడ్’ అని మెల్లగా ఒక మాట అంటే ఇది బ్లైండ్ అని దానికి ముందే తెలుస్తుంది. లేకపోతే ఇంతకుముందు ఎక్కడ డమ్మీ పడిందో ఆ జ్ఞాపకం వెంట పోతుంది.

గోల్డెన్‌గోల · మార్చి 3, మధ్యాహ్నం 2:20

పాతవిజిల్ గారు చెప్పినదంతా మా తేనె విషయంలో నాకు జరిగింది. అది గోల్డెన్. లాబ్‌లకన్నా మెత్తటిదేమో, గొంతు కాస్త పెరిగితే రెండు రోజులు అలిగేది.

నేను చేసిన తప్పు ఇంకోటి ఉంది, అది కూడా చెబుతాను. కుక్క ఎటు చూస్తోందో చూడకుండా పంపేసేదాన్ని. నేను స్తంభం వైపు తిరిగి ఉంటే తను కూడా అటే చూస్తోందనుకునేదాన్ని. ఒకరోజు మా అబ్బాయి వెనకనుంచి వీడియో తీశాడు. తేనె ఒళ్ళు స్తంభం వైపుంది, ముక్కు మాత్రం అంతకుముందు డమ్మీ తెచ్చిన చెట్టు వైపుంది! నేను ‘బ్యాక్’ అనగానే ముక్కు ఎటుందో అటే పోయింది. అది నా మాట విన్నట్టే కదా.

అప్పటినుంచి పంపేముందు దాని తల పైనుంచి కిందికి చూడటం అలవాటు చేసుకున్నాను. తోక మొదలు, వెన్నెముక, మెడ, ముక్కు ఒకే గీతలో ఉండాలి. అది చాలదు. తేనె సరైన చోటు పట్టుకున్నప్పుడు చెవుల మొదళ్ళు కొంచెం పైకి లేస్తాయి. అప్పటిదాకా నాలుక బయటపెట్టి రొప్పుతున్నది నోరు మూస్తుంది. ఒక్క క్షణం ఊపిరి కూడా ఆగినట్టు ఉంటుంది. ఆ క్షణంలో మెల్లగా ‘ఊఁ, అదే’ అంటాను, అని పంపేస్తాను. నోరు తెరిచి ఉండగా పంపితే పదిలో ఆరుసార్లు పక్కకే పోయేది.

తప్పు వైపు చూస్తుంటే చేత్తో తల తిప్పకండి. ‘కాదు, హీల్’ (నా పక్కకి రా) అని మీరే కొంచెం తిరగండి. కుక్క మీ ఎడమ పక్కన ఉంటే మీ ఎడమ కాలు కాస్త ముందుకేస్తే దాని తల ఎడమకు జరుగుతుంది, వెనక్కి వేస్తే కుడికి వస్తుంది. అంగుళాల లెక్క. కానీ ఇక్కడి అంగుళం వంద మీటర్ల దగ్గర ఎంతవుతుందో లెక్కేసుకోండి.

కొత్తపట్టీ · మార్చి 3, సాయంత్రం 5:10

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా పిల్లకి ఇంకా 7 నెలలే, ఇప్పుడే చదివి పెట్టుకుంటున్నా. ఆరెంజ్ డమ్మీ కాదు, తెల్లది పెట్టమన్నారు ఎందుకు? ఆరెంజ్ ఇంకా బాగా కనిపిస్తుంది కదా?

తడికాళ్ళు · మార్చి 3, సాయంత్రం 6:45

మనకి కనిపిస్తుంది, కుక్కకి కాదు. మన కంట్లో రంగు పట్టే కోన్ కణాలు మూడు రకాలు, కుక్క కంట్లో రెండే. నీలం, పసుపు బాగా విడదీస్తాయి. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ అన్నీ దానికి ఒకే మాసిన పసుపు తెగలో పడతాయి. దీన్ని 1989లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా క్యాంపస్‌లో కుక్కల చేత రంగుల పరీక్షలు చేయించి తేల్చారు. కాబట్టి పచ్చగడ్డిలో ఆరెంజ్ డమ్మీ మీకు అరకిలోమీటరు నుంచి కనబడుతుంది, కుక్కకి దాదాపు కాలికి తగిలేదాకా కనబడదు.

అందుకే నేర్పేటప్పుడు తెలుపు, ‘ఆ! నిజంగానే ఉంది’ అని దూరం నుంచే కనిపించి ఉత్సాహం రావాలి. అసలు బ్లైండ్‌కి ఆరెంజ్, మీకు తెలియాలి, దానికి తెలియకూడదు. ఏడు నెలల పిల్లకి ఇప్పుడే బ్లైండ్‌లు వద్దు. మార్క్‌లు, హీల్, విజిల్‌కి కూర్చోవడం. అంతే.

డౌట్‌దొర · మార్చి 3, రాత్రి 8:30

సరే, నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నా. కానీ కాలర్ అంటే ఇక్కడ అందరూ ఎందుకు ఉలిక్కిపడతారో అర్థం కాదు. అమెరికాలో పెద్ద ఫీల్డ్ ట్రయల్స్‌లో (ఇలాంటి కుక్కల పోటీల్లో) నెగ్గే కుక్కల్లో ఎక్కువభాగం కాలర్‌తో తయారైనవే.

పాతవిజిల్ · మార్చి 3, రాత్రి 9:15

ఉలిక్కిపడట్లేదు, నేనూ వాడినవాణ్ణే. ఆ పద్ధతుల్లో కూడా మొదట మామూలుగా నేర్పుతారు, తర్వాత ఆ నేర్చిన పనికి కాలర్ అంటే ఏమిటో విడిగా వారాల తరబడి అర్థం చేయిస్తారు, ఆ తర్వాతే మైదానంలో వాడతారు. తెలిసిన ఆజ్ఞని కావాలని కాదన్నప్పుడు వాడే వస్తువది. అర్థంకాక ఆగిన కుక్క మీద వాడితే వెళ్ళిన దారే నొప్పి అనుకుంటుంది. మరోవైపు వేల్స్‌లో 2010 నుంచి షాక్ కాలర్ వాడకమే నిషేధం, అక్కడా బ్లైండ్‌లు చేసే కుక్కలున్నాయి. దీని మీద వేరే చర్చ తెరవండి, వస్తాను. ఇక్కడ చిట్టి సంగతి చూద్దాం.

నల్లలాబ్ · మార్చి 4, ఉదయం 7:50

మంచి చర్చ. గాలి సంగతి ఎవరూ ఎత్తలేదేం? నేను నేర్పేటప్పుడు గాలి ఎప్పుడూ డమ్మీ వైపు నుంచి కుక్క మొహానికి వచ్చేలా పెడతాను. దగ్గరికి వెళ్ళగానే వాసన తగిలి, ఉత్సాహంగా ముగిస్తుంది. నమ్మకం పెరుగుతుంది.

తడికాళ్ళు · మార్చి 4, ఉదయం 9:30

నేను సరిగ్గా తిరగేసి చేస్తాను. గాలి నా వీపు వెనకనుంచి. ముక్కుకి పని దొరికితే కాళ్ళు లైన్ వదిలేస్తాయి. వెనక గాలిలో వాసన రాదు, నేను చూపించిన గీత మీద పోవడం తప్ప దారి లేదు. పైగా గాలి విజిల్‌ని కుక్క దగ్గరికి మోసుకెళ్తుంది, ఎదురుగాలిలో నూట యాభై దాటితే సగం వినపడదు.

పాతవిజిల్ · మార్చి 4, ఉదయం 10:40

గమ్యం తెలిసిన లైన్లకి తడికాళ్ళు చెప్పినట్టు వెనక గాలే మేలు. కొత్త చోట మొదటి నాలుగైదు బ్లైండ్‌లకి నల్లలాబ్ చెప్పినట్టు ఎదురుగాలి, అక్కడ గెలుపు ముఖ్యం. మీ ఇద్దరికీ గొడవేం లేదు.

అసలు మోసం చేసేది పక్కగాలి. గాలి ఎడమనుంచి కుడికి వీస్తోందనుకోండి. కుక్కలు మామూలుగానే గాలితోపాటు కుడికి జరుగుతాయి. డమ్మీ వాసన కూడా కుడివైపే పోతుంది. అంటే లైన్ తప్పి కుడికి జారిన కుక్కకి వాసన తగిలి, అది ఎడమకు మళ్ళి డమ్మీ ఎత్తుకుంటుంది. మీరు చప్పట్లు కొడతారు. కానీ మీరు మెచ్చుకున్నది తప్పు లైన్‌ని. ఇలా పదిసార్లు జరిగితే, గాలి ఉన్నరోజు నాన్న చూపించినదానికన్నా కుడికి పోవాలి అని కుక్క ఒక సూత్రం తయారుచేసుకుంటుంది. పక్కగాలి బ్లైండ్‌లో డమ్మీ దొరికినా, లైన్ వదిలిన మొదటి ఐదారు మీటర్లలోనే ఆపి సరిదిద్దండి.

గోల్డెన్‌గోల · మార్చి 4, మధ్యాహ్నం 1:15

చేతుల గురించి ఒక చిన్న విషయం. నా ముదురాకుపచ్చ చొక్కా, వెనక చెట్ల వరస. తేనె నూటపది మీటర్ల దగ్గర కూర్చుని, నేను కుడి ఓవర్ ఇస్తుంటే బిత్తరచూపులు చూసేది. వినడంలేదని నేను ఏడుపు మొహం పెట్టాను. మావారు కుక్క కూర్చున్న చోటికి వెళ్ళి నుంచుని ఫోన్ చేశారు, ‘నువ్వు అసలు చెయ్యి ఎత్తావా?’ అని. ట్రయల్స్‌లో హ్యాండ్లర్లు, అంటే కుక్కల్ని పంపి నడిపించేవాళ్ళు, తెల్లకోటు వేసుకునేది ఊరికే కాదు.

నల్లలాబ్ · మార్చి 4, మధ్యాహ్నం 2:00

ఇంకోటి. బ్యాక్ రెండు రకాలు. మీ కుడిచెయ్యి నిటారుగా ఎత్తితే, మీ ఎదురుగా కూర్చున్న కుక్క తన ఎడమ మీదుగా తిరిగి వెళ్ళాలి. ఎడమచెయ్యి ఎత్తితే కుడి మీదుగా. చాలామంది ఎప్పుడూ ఒకే చెయ్యి వాడతారు, కుక్క తనకు అలవాటైన వైపే తిరుగుతుంది, తిరిగిన వైపే కొంచెం జారిపోతుంది. రెండూ నేర్పితే సగం ఓవర్‌ల అవసరమే ఉండదు. నేర్పడానికి పెద్ద మైదానం అక్కర్లేదు. కుక్కని మీ ఎదురుగా ఐదడుగుల్లో కూర్చోబెట్టి, దాని వెనక కొంచెం ఎడమకో కుడికో డమ్మీ వేసి పంపడమే. ఓవర్‌కి మాత్రం చేత్తోపాటు ఆ వైపు రెండడుగులు నడవండి.

కొత్తపట్టీ · మార్చి 4, సాయంత్రం 4:30

ఈ చేతి సైగలు ఎవరు కనిపెట్టారండీ? బేస్‌బాల్ అనే పేరెందుకు?

తడికాళ్ళు · మార్చి 4, సాయంత్రం 7:20

పేరు సంగతి తేలిక. కుక్క మధ్యలో బంతి విసిరేవాడి చోట కూర్చుంటుంది, ఫస్ట్ బేస్, సెకండ్ బేస్, థర్డ్ బేస్ చోట్ల డమ్మీలు ఉంటాయి, మనం హోమ్ ప్లేట్ దగ్గర. మైదానం బొమ్మ గీసుకుంటే కనబడుతుంది.

సైగలు గొర్రెలు కాసే కుక్కల దగ్గర్నుంచి వచ్చాయి. దూరాన ఉన్న కుక్కని విజిల్‌తో, చేత్తో తిప్పడం కాపరులకి పాత విద్య. రిట్రీవర్ ట్రయల్స్‌లోకి దాన్ని తెచ్చిన పేరు 1930లలో స్కాట్లండ్ నుంచి అమెరికా వెళ్ళిన ట్రైనర్ డేవ్ ఇలియట్‌కి దక్కింది. అక్కడ లాబ్రడార్‌ల మొదటి ట్రయల్ జరిగింది 1931 డిసెంబర్‌లో, న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్‌లో. సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొకటి: 1952, 1953 రెండేళ్ళూ నేషనల్ చాంపియన్ అయిన కింగ్ బక్ అనే నల్ల లాబ్ బొమ్మని 1959లో అమెరికా బాతుల స్టాంపు మీద వేశారు. ఆ స్టాంపుల మీద బాతులూ హంసలే ఉంటాయి, కుక్కకి ఆ గౌరవం దక్కింది. మా గోడమీద దాని నకలు ఒకటుంది, అందుకే గుర్తు.

చిట్టివాళ్ళనాన్న · మార్చి 21, రాత్రి 8:50

ఆలస్యంగా వస్తున్నాను, కానీ చెప్పింది చెప్పినట్టు చేశాను. విజిల్ నిజంగానే జేబులో పెట్టాను. మొదటి మూడు రోజులు నా చెయ్యి దానంతట అదే జేబులోకి పోయేది.

స్తంభం, చింతచెట్టు, కంచె మూల. మొదటిరోజు ఇరవై ఐదు నుంచి కూడా రెండుసార్లు ఆగింది. కదలకుండా నిలబడ్డాను. రెండో సెకనుకి చెవులు వెనక్కి పెట్టింది, మూడో సెకనుకి ‘సరే అయితే’ అన్నట్టు తిరిగి పరిగెత్తింది. నాలుగోరోజు తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు. ఇప్పుడు 110 మీటర్ల నుంచి మూడు లైన్లూ మట్టి ఎగరగొట్టుకుంటూ పోతోంది. గోల్డెన్‌గోల గారు చెప్పిన నోరు మూయడం చిట్టిలోనూ చూశాను! చిట్టికైతే దాంతోపాటు ముందరి కుడికాలు కొంచెం లేస్తుంది.

మరి ఇప్పుడు కొత్త బాధ. నిన్న అదే మైదానంలో స్తంభానికీ చెట్టుకీ మధ్య ఒక కొత్త బ్లైండ్ పెట్టాను. సూటిగా స్తంభానికి పోయింది. విజిల్ వేశాను, వినలేదు. ఇంకోసారి వేశాను, స్తంభం దగ్గరికి వెళ్ళి అక్కడ ఏమీలేదని తేల్చుకుని అప్పుడు కూర్చుంది. ఒక గోతిలోంచి లేచి ఇంకో గోతిలో పడ్డానా?

పాతవిజిల్ · మార్చి 21, రాత్రి 9:30

గోతి కాదు, నేనిలా అవుతుందనే అనుకున్నాను. ముందు చెప్తే మీరు భయపడి మళ్ళీ విజిల్ తీస్తారని చెప్పలేదు, క్షమించండి. పరుగు లేని కుక్కని తిప్పలేం. ఉన్న పరుగుని ఆపడం మాత్రం నేర్పగలం.

ఆ మైదానంలో కొత్త బ్లైండ్ పెట్టడం మీ తప్పు. వంద డమ్మీలు దొరికిన స్తంభం పక్కన కొత్తచోటు పెడితే స్తంభం లాగేస్తుంది. కొత్త బ్లైండ్ ఎప్పుడూ కొత్త నేల మీద.

ఆపడం విడిగా నేర్పండి. టీ డ్రిల్ చాలు. దూరంగా బ్యాక్ కుప్ప, మధ్యలో అటొకటి ఇటొకటి ఓవర్ కుప్పలు. నాలుగుసార్లు పంపితే మూడుసార్లు ఆపకుండా పోనివ్వండి, ఒక్కసారి మధ్యలో ఊదండి, అదీ ఏదోసారి అని కుక్కకి అంతుపట్టకూడదు. ఆగిన చోటు కూడా మారాలి. నలభై అన్న అంకెని కొన్నాళ్ళు మర్చిపోండి. ఊదినా ఆగకపోతే నడిచి వెళ్ళి, ఎక్కడ ఆగాల్సిందో ఆ చోటికి తీసుకొచ్చి, కూర్చోబెట్టి, అక్కడే మళ్ళీ ఊదండి. కోపం వద్దు, నడక మాత్రం తప్పదు. ఇందులో మన కాళ్ళకే ఎక్కువ శిక్ష.

తడికాళ్ళు · మార్చి 21, రాత్రి 10:10

విజిల్ గురించి ఒక లెక్క. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. కుక్క 170 మీటర్ల దూరంలో ఉంటే మీ విజిల్ దానికి చేరడానికి అరసెకను. సెకనుకి ఎనిమిది మీటర్లు పరిగెత్తే కుక్క ఆ అరసెకనులో నాలుగు మీటర్లు పోయింది. విని, కాళ్ళు బిగించి, తిరిగి కూర్చునేలోపు ఇంకో నాలుగైదు. ‘ఆగలేదు’ అని మీరనుకున్నదాంట్లో కొంత భౌతికశాస్త్రం ఉంది. ట్రయల్స్‌లో 200 మీటర్లు దాటిన బ్లైండ్‌లు మామూలే, అక్కడ ఈ తేడాతోనే కుక్క పొదకి అవతల పడి కనబడకుండా పోతుంది. దూరం పెరిగేకొద్దీ కొంచెం ముందే ఊదాలి.

చిట్టివాళ్ళనాన్న · ఏప్రిల్ 13, మధ్యాహ్నం 12:40

మూడు వారాల టీ డ్రిల్ తర్వాత ఈరోజు పొద్దున కొత్త నేల మీద మొదటి నిజమైన బ్లైండ్. 110 మీటర్లు, పక్కగాలి ఎడమనుంచి. వద్దన్నా వేరే దారి లేదు, అక్కడ గాలి అంతే. మా తమ్ముడు ముందే వెళ్ళి ఆరెంజ్ డమ్మీ ఒక పొద వెనక పెట్టి వచ్చాడు. తెల్ల టీషర్ట్ వేసుకున్నాను.

‘డెడ్’ అన్నాను. చిట్టి అటూ ఇటూ చూసింది. ఒకసారి తప్పు చూపు, కాలు కొంచెం వెనక్కి వేశాను. నోరు మూసింది. పంపాను. నలభై దాటింది. ఆ నలభై దాటుతుంటే నేను ఊపిరి బిగపట్టాను, అది మాత్రం ఏ జ్ఞాపకమూ లేనట్టు దాటేసింది. యాభై ఐదు దగ్గర గాలితో కుడికి జారడం మొదలైంది. ఊదాను. ఇసుక లేచింది, తిరిగి కూర్చుంది, రెండు చెవులూ నావైపు. ఎడమ ఓవర్ ఇచ్చాను. పది మీటర్లు బాగానే వెళ్ళి మెల్లగా వంపు తిరిగి మళ్ళీ పాత దారిలోకి రాబోయింది. మళ్ళీ ఊదాను. ఈసారి ఎడమచెయ్యి ఎత్తి బ్యాక్. సూటిగా పొద దగ్గరికి పోయింది.

అక్కడ ఏమీ లేదు.

చుట్టూ తిరిగింది, ముక్కు నేలకేసి వెతికింది, మళ్ళీ తిరిగింది. తర్వాత, నేను ఊదకుండానే, ఆగి, కూర్చుని, నావైపు చూసింది. పాత చూపే! నా గుండె జారిపోయింది. ఇంతలో పక్కనుంచి మా తమ్ముడు, ‘అన్నయ్యా, ఆ పొద కాదేమో, దాని పక్కది’ అన్నాడు. ఏమో ఏంట్రా, పెట్టింది నువ్వేగా అన్నాను. కుడి ఓవర్ ఇచ్చాను. పన్నెండు మీటర్ల అవతల తల ఒక్కసారి పక్కకి విరిగింది, ఆరెంజ్ డమ్మీ నోట్లో పెట్టుకుని తోక గిరగిరా తిప్పుకుంటూ వచ్చింది.

మూడు వారాల్లో ఇది మొదటి పాప్. లెక్కలో వేసుకోవాలా?

గోల్డెన్‌గోల · ఏప్రిల్ 13, మధ్యాహ్నం 1:05

చదువుతూ నేనూ ఊపిరి బిగపట్టాను! శభాష్ చిట్టీ.

నల్లలాబ్ · ఏప్రిల్ 13, మధ్యాహ్నం 1:30

ఈసారి పొదకి రిబ్బన్ ముక్క కట్టించండి. డమ్మీ ఎక్కడుందో హ్యాండ్లర్‌కి అడుగు తేడా లేకుండా తెలియాలి.

పాతవిజిల్ · ఏప్రిల్ 13, మధ్యాహ్నం 2:10

చిట్టి ఖాతాలో వేయకండి. అది మీ తమ్ముడి పాప్.